బయట నలభై, ఒంట్లో నూట నాలుగు
(కొలతల కథ – 11వ భాగం)

మే నెల మధ్యాహ్నం. టీవీలో అడుగున పరుగెత్తే అక్షరాల్లో ఊరి పేరు, పక్కనే 40. లోపలి గదిలో పిల్లవాడికి జ్వరం. చంకలోంచి తీసిన థర్మామీటరులో 104. నలభై అంటే ఎండ ఇంకా ముదరలేదని, నూట నాలుగంటే ఇక ఆలస్యం చేయకుండా ఆస్పత్రికి తీసుకుపోవాలని తెలుగిళ్లలో ఎవరూ ఎవరికీ చెప్పనక్కర్లేదు. ఎవరూ అనుకోని సంగతి ఒకటి ఉంది. ఈ రెండంకెలూ చెబుతున్నది ఒకే వేడిని. 40 డిగ్రీల సెల్సియస్‌కూ 104 డిగ్రీల ఫారన్‌హీట్‌కూ వెంట్రుకవాసి తేడా లేదు. గాలి వేడి వేరు, ఒంటి వేడి వేరు కదా అంటారా, ఆ మాటకు తర్వాత వస్తాను. ముందు తేల్చాల్సింది, ఒకే ఇంట్లో ఒకే వేడికి రెండు కొలబద్దలు ఇన్నేళ్లుగా ఎలా కాపురం చేస్తున్నాయని. గత భాగంలో కుంచం, మానిక, సోల అంగడి నుంచి ఎలా తప్పుకున్నాయో చూశాం. అవి పోగలిగినప్పుడు జ్వరంలోని ఫారన్‌హీట్ ఎందుకు పోలేదు? దీనికి సాధారణంగా వినిపించే జవాబు మన బద్ధకం, సర్కారు చేసిన సగం పని. నాకా జవాబు చాలదు. కొలత మారడమూ మారకపోవడమూ చట్టం ఎంత గట్టిదన్నదాని మీద కాక, ఆ అంకెకు ఏం ముడిపడి ఉందన్నదాని మీద ఆధారపడుతుందని నేను అనుకుంటున్నాను. ఏ నిర్ణయమూ, ఏ దస్తావేజూ, ఏ తగాదా ముడిపడని అంకె సులువుగా మారిపోతుంది. వాతావరణంలోని ఉష్ణోగ్రత అలాంటి విడి అంకె.

మొదట థర్మామీటరు లేని కాలానికి వెళదాం. వేడిని కొలిచే పరికరం లేదు కనుక ఎండకు అంకె లేదు. మాటలు మాత్రం కావలసినన్ని ఉన్నాయి. గోరువెచ్చన, నులివెచ్చన, సెగ, ఉక్క, వడగాడ్పు. వానకు అలా కాదు, ఎప్పుడో అంకె వచ్చేసింది. కౌటిల్యుడి అర్థశాస్త్రంలో కోష్ఠాగారం దగ్గర మూతి ఒక అరత్ని, అంటే దాదాపు మూరెడు వెడల్పున్న పాత్రను వాన కొలవడానికి పెట్టమని ఉంది. ఏ దేశంలో ఎంత వాన పడాలో వ్యవసాయాధ్యక్షుడి అధ్యాయంలో ద్రోణాల లెక్కన ఉంది. ఆ జాబితాలో అశ్మక దేశానికి శామశాస్త్రి అనువాదం ప్రకారం పదమూడున్నర ద్రోణాలు. అశ్మకం గోదావరి ఒడ్డు రాజ్యం. దాని రాజధాని పోదన నేటి నిజామాబాద్ జిల్లాలోని బోధనేనని చాలామంది చరిత్రకారులు గుర్తిస్తారు. ఇక్కడ ఆగి చూడవలసింది ద్రోణం అనే మాటను. అది ధాన్యం కొలిచే కొలత. వాన కొలిచే గిన్నె ఉన్నది కూడా ధాన్యం నిలవచేసే కొట్టు దగ్గరే. వాన కొలిచింది ఆకాశం మీద కుతూహలంతో కాదు. పంట ఎంత, అందులో రాజుకు రావలసిన భాగం ఎంత అన్న లెక్క కోసం. ఉగాది నాడు పంచాంగ శ్రవణంలో ఈ ఏడు ఇన్ని కుంచాల వాన, అందులో సముద్రం మీద ఇన్ని భాగాలు, కొండల మీద ఇన్ని, నేల మీద ఇన్ని అని ఇప్పటికీ చదువుతారు. అంగడిలో కుంచం కనిపించక దశాబ్దాలైంది. వానలో ఇంకా ఉంది.

ఎండకు అంకె లేని లోటును కార్తెలు తీర్చాయి. సూర్యుడు ఒక్కో నక్షత్రంలో ఉండే పదమూడు పద్నాలుగు రోజులు ఒక కార్తె; ఏడాదికి ఇరవై ఏడు. మన తిథులు చంద్రుడితో పోతాయి కాబట్టి ఇంగ్లీషు తేదీలతో పోలిస్తే ఏటా జరుగుతుంటాయి. కార్తెలు సూర్యుడితో పోతాయి కాబట్టి దాదాపు కదలవు. రోహిణి ఏటా మే 25 ప్రాంతంలో వస్తుంది, మృగశిర జూన్ 8 ప్రాంతంలో. రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయన్న సామెత ఒక రకంగా ఉష్ణోగ్రత నివేదికే. అందులో గాజు గొట్టం బదులు క్యాలెండరు ఉంది, పాదరసం బదులు రోలు ఉంది. ఇది పాతకాలపు సంగతి అని కొట్టిపారేయకండి. మన బడులకు ఒంటిపూట మొదలయ్యేది పాదరసం ఇంత దాటిందని కాదు, మార్చి సగం దాటిందని. విద్యాశాఖ నడిచేదీ కార్తె లెక్క మీదే. విత్తనం వేసే రైతు ఇన్ని మిల్లీమీటర్లు పడిందా అని అడగడు, పదును అయిందా అని అడుగుతాడు. కాలి బొటనవేలితో మట్టి కెలికి, పిడికెట్లో ముద్ద చేసి చూస్తాడు. ముద్ద కట్టి, వదిలితే విరిగిందంటే అదను.

అంకెల ఎండ ఓడల్లో వచ్చింది. డానియల్ గాబ్రియెల్ ఫారన్‌హీట్ 1686లో డాన్‌జిగ్‌లో, అంటే నేటి పోలండ్‌లోని గ్దాన్‌స్క్‌లో పుట్టి, ఆమ్‌స్టర్‌డామ్‌లో స్థిరపడి పరికరాలు తయారుచేసినవాడు. పాదరసం నింపిన నమ్మకమైన థర్మామీటరు ఆయన గొప్పతనం. 1724లో తన కొలబద్దకు మూడు ఆనవాళ్లు చెప్పాడు. మంచు, నీరు, నవాసారం కలిపితే వచ్చే చల్లదనం 0. ఉత్త మంచునీళ్లు 32. ఆరోగ్యంగా ఉన్న మనిషి ఒళ్లు 96. తర్వాత పద్దెనిమిదేళ్లకు స్వీడన్‌లోని ఉప్సాలాలో అండర్స్ సెల్సియస్ మనిషిని పక్కన పెట్టి నీటినే ఆనవాలుగా తీసుకున్నాడు. తమాషా ఏమిటంటే ఆయన మొదట మరిగే నీటికి 0, గడ్డకట్టే నీటికి 100 పెట్టాడు. 1744లో ఆయన పోయాక ఆ వరసను తలకిందులు చేసి ఇప్పటి రూపానికి తెచ్చారు. ఒంటిని ఆనవాలుగా పెట్టుకుని పుట్టిన కొలబద్ద మన దగ్గర చివరికి ఒంటికే మిగలడం కాకతాళీయం. దాన్నుంచి సిద్ధాంతమేదీ లాగను గానీ ముచ్చటగా ఉంది.

ఈస్టిండియా కంపెనీ వాళ్ల పరికరాల మీది గీతలు ఫారన్‌హీట్‌వి, అంగుళాలవి. విలియం రాక్స్‌బర్గ్ మద్రాసు కోటలో రాసుకున్న వాతావరణ దినచర్య 1778లోనే లండన్ రాయల్ సొసైటీ సంచికలో అచ్చయింది. ఆయనే తర్వాత సామర్లకోటలో ఉండి, మొక్కల మీద పనిచేస్తూ, 1789 తర్వాత మూడేళ్లు ఉత్తర సర్కారులను తినేసిన కరువును దగ్గర నుంచి చూశాడు. మద్రాసు నక్షత్రశాల 1792లో వెలిసింది; దాని నల్లరాతి స్తంభం మీద చెక్కిన భాషల్లో తెలుగూ ఉంది. అక్కడ శిక్షణ పొందిన మనవాడు గోడె వెంకట జగ్గారావు 1840లో విశాఖపట్నం డాబాగార్డెన్స్‌లో సొంత నక్షత్రశాల పెట్టుకున్నాడు. ఆయన అల్లుడు అంకితం వెంకట నరసింగరావు దాన్ని వాతావరణ పరిశీలనకూ నిలబెట్టాడు. ఇవి జమీందారుల కుతూహలాలు. సర్కారుకు మాత్రం కౌటిల్యుడి అవసరమే: వాన ఎంత పడింది, శిస్తు ఎంత తగ్గించాలి. అందుకే ప్రతి తాలూకా కచేరీ ఆవరణలో వర్షమాపకం వెలిసింది. అయిదంగుళాల మూతి, నేలకు అడుగెత్తున అంచు, రోజూ ఉదయం పూట గుమాస్తా వచ్చి గాజు కొలపాత్రలో పోసి చూడటం. లెక్క అంగుళాల్లోనూ, అంగుళంలో నూరోవంతైన సెంట్లలోనూ. భూమికీ సెంటే, వానకూ సెంటే. పది సెంట్లు పడితేనే దాన్ని వానపడ్డ రోజుగా రాయాలి.

ఆ పది సెంట్లు ఎక్కడికి పోయాయో చూడండి. ఈనాడు వాతావరణ శాఖ లెక్కలో వానపడ్డ రోజంటే 2.5 మిల్లీమీటర్లు గానీ అంతకన్నా ఎక్కువ గానీ పడిన రోజు. రెండు కాదు, మూడు కాదు, రెండున్నర ఎందుకైంది? అంగుళంలో పదోవంతు 2.54 మిల్లీమీటర్లు కాబట్టి. కొలబద్ద మారింది, పాత గీత కొత్త కొలబద్ద మీదికి చిల్లరతో సహా వచ్చి కూర్చుంది. పదేపదే వాడే హద్దు ఒకటి ఉందంటే అది కొలతకన్నా ఎక్కువ కాలం బతుకుతుంది. వ్యాసమంతటా ఇలాంటి చిల్లర అంకెల మీద ఒక కన్నేసి ఉంచమని మనవి. గుండు అంకె ఉండవలసిన చోట చిల్లర కనిపించిందంటే అక్కడ ఒక పాత కొలత పాతిపెట్టి ఉంటుంది.

1956 నవంబరు 1న ఆంధ్రప్రదేశ్ ఏర్పడింది. ఆ ఏడాది డిసెంబరు చివర్లో తూనికలు కొలతల ప్రమాణాల చట్టం వచ్చింది. అంటే రాష్ట్రమూ మెట్రిక్ పద్ధతీ ఇంచుమించు కవలలు. 1957 ఏప్రిల్ 1న నయాపైసలు వచ్చాయి, 1958 అక్టోబరు నుంచి కిలోలు మొదలయ్యాయి. వాతావరణ శాఖ కూడా ఆ కాలంలోనే ఫారన్‌హీట్ నుంచి సెల్సియస్‌కు, అంగుళాల నుంచి మిల్లీమీటర్లకు మారిపోయింది. కిలో గురించి ఎన్ని జోకులు, ఎన్ని తగువులు, ఎన్ని మార్పిడి పట్టికలు! ఎండ అంకె మారినందుకు ఎవరూ గోలపెట్టలేదు. నిన్నటిదాకా నూట పది అన్న ఎండ రేపటి నుంచి నలభై మూడు అయింది; వినేవాళ్లు అలాగే అన్నారు. కారణం కష్టమైనదేం కాదు. ఆ అంకె ఇంట్లో పుట్టేది కాదు. గోడకు థర్మామీటరు తగిలించుకున్న ఇళ్లు ఎన్ని? అది ఒకే కార్యాలయం నోటి నుంచి, రేడియో మీదుగా, పేపరు మీదుగా వచ్చేది. ఆ అంకె చూసి అంగడి మూసేవారు లేరు, నాగలి కట్టేవారు లేరు. దాని మీద దావా నడవదు, దస్తావేజు రాయరు. చెప్పే నోరు మారితే చాలు, అంకె మారిపోతుంది.

జ్వరం కథ దీనికి పూర్తి ఎదురు. 1866 ప్రాంతంలో క్లిఫర్డ్ ఆల్‌బట్ అనే ఇంగ్లీషు వైద్యుడు ఆరంగుళాల థర్మామీటరు చేయించేదాకా ఆ పరికరం అడుగు పొడవుండి, ఒక్కసారి చూడటానికి ఇరవై నిమిషాలు పట్టేది. ఆల్‌బట్‌ది జేబులో పట్టింది, అయిదు నిమిషాల్లో చెప్పింది. దాదాపు అదే సమయంలో జర్మనీలోని లైప్‌జిగ్‌లో కార్ల్ వుండర్లిష్ వేలమంది రోగుల చంకల్లో లక్షల సార్లు థర్మామీటరు పెట్టించి, ఆరోగ్యంగా ఉన్న ఒంటి వేడి సగటున 37 డిగ్రీలని 1868లో పుస్తకం రాశాడు. జర్మనీ వాడు కనుక 37 సెల్సియస్. ఇంగ్లీషులోకి వచ్చేసరికి ఆ 37ను ఫారన్‌హీట్‌లోకి మార్చారు: 98.6. దశాంశంతో సహా ఎంతో కచ్చితంగా కొలిచి తేల్చినట్టు కనిపించే ఈ 98.6 నిజానికి ఒక గుండు అంకెకు అనువాదం. 1992లో అమెరికాలో మేరీల్యాండ్ పరిశోధకులు మళ్లీ కొలిస్తే సగటు 98.2 వచ్చింది. ఇంగ్లండ్‌లో వాడుక వేరే ఉండేది. అక్కడి థర్మామీటర్ల మీద బాణం గుర్తు 98.4 దగ్గర. మన పాత తరం వాళ్లు మామూలు వేడి 98.4 అని అప్పజెప్పేది ఆ బాణం చలవే. వానలోని 2.5లో అంగుళం దాక్కుంది, జ్వరంలోని 98.6లో సెల్సియస్ దాక్కుంది.

ఈ జ్వరం అంకె ఎవరి చేతిలో పుడుతుంది? అమ్మ చేతిలో. పాదరసం కిందికి దిగేదాకా మణికట్టుతో నాలుగు విదిలింపులు, చంకలో పెట్టి రెక్క నొక్కిపట్టుకోవడం, తర్వాత కిటికీ వెలుతురుకు పట్టి గాజును వేళ్ల మధ్య తిప్పి తిప్పి ఆ వెండి దారం కనిపించే కోణం పట్టుకోవడం. అది నేర్చుకోవలసిన విద్య. ఆ విద్యతో పాటే కొన్ని మెట్లు వచ్చాయి. 99 అంటే ఒళ్లు వెచ్చబడింది. నూరు దాటితే జ్వరం, మాత్ర వేయాలి. 102 దాటితే నుదుట తడిగుడ్డ. 104 అంటే ఆటో పిలవాలి. ఒక్కో మెట్టు ఒక్కో పనికి కట్టేసి ఉంది. ఇదే నిచ్చెనను సెల్సియస్‌లో చెప్పి చూడండి: 37.2, 37.8, 38.9, 40. మెట్లన్నీ అంతే ఎత్తులో ఉన్నాయి, పట్టుకోవడానికి పిడి మాత్రం జారిపోయింది. బ్యాటరీతో నడిచే థర్మామీటర్లు వచ్చాక పరికరం మారింది, పాదరసం పోయింది, విదిలించే పనీ పోయింది. మీట నొక్కితే సెల్సియస్ చూపించేవీ ఉన్నాయి. ఎవరూ నొక్కరు. 2020లో షాపుల గుమ్మాల దగ్గర నుదుటికి గురిపెట్టిన కొత్తరకం తుపాకులు కూడా మన దగ్గర ఎక్కువగా పలికింది 97, 98 అనే. పరికరం కొత్తదైనా మెట్లు పాతవే.

దీనికి ఒక అభ్యంతరం వినిపిస్తుంది. ఫారన్‌హీట్ డిగ్రీ చిన్నది. సెల్సియస్ డిగ్రీలో సగానికి కొంచెం ఎక్కువ. జ్వరంలాంటి సన్నని తేడాలకు చిన్న డిగ్రీయే మంచిది, దశాంశాల బాధ ఉండదు, అందుకే నిలిచింది అంటారు. వినడానికి బాగుంటుంది, నిలబడదు. మనం 98.6 అంటాం, 99.4 అంటాం, 100.4 అంటాం, దశాంశం లేకుండా జ్వరం చెప్పే ఇల్లెక్కడ? 38.5 అంటే పిల్లకు మందు వేయాలని ఫ్రాన్సు తల్లికీ జర్మనీ తల్లికీ బాగానే తెలుసు. వాళ్ల నిచ్చెన వాళ్లకుంది. కొలబద్ద మేలు కీళ్లను బట్టి నిలవడమే అయితే, అన్ని దేశాల తల్లులూ ఒకే కొలబద్ద పట్టుకుని ఉండాలి.

రెండో అభ్యంతరం గట్టిది, దాన్ని తప్పించుకుపోను. చేతిలో ఉన్న కొలత మారదంటున్నారు, మరి సేరు? వీశె? అవి కోటి చేతుల్లో ఉండేవి. రోజూ నాలుగుసార్లు వాడేవి. అరవైల మొదటి ఏళ్లకల్లా అంగళ్లలో కిలో కూర్చుంది కదా? కూర్చుంది. ఎలా కూర్చుందన్నది చూడాలి. తూనికలు కొలతల శాఖ పాత రాళ్లను తీయించింది, కొత్త ఇనుప గుళ్ల మీద ముద్ర వేసింది, ముద్ర లేని తూకంతో అమ్మితే కేసు పెట్టింది. అమ్మేవాడి బతుకు ఆ ముద్రకు ముడిపడింది. అమ్మ చంకలో పెట్టే థర్మామీటరును తనిఖీ చేసే ఇన్‌స్పెక్టరు లేడు, ఉండబోడు. ఇంకో సంగతి, కూరగాయల ధరకు జ్ఞాపకం తక్కువ. నిన్న సేరు ఎంతో ఈ రోజు కిలో ఎంతో రోజూ కొత్తగా బేరమాడేదే. పట్టుకుని వేలాడవలసిన మెట్టేదీ లేదు. పైగా 80 తులాల సేరు 933 గ్రాములు, కిలో దాని పక్కింటిది. పావుసేరు అన్న నోరు పావుకిలో అంది, అరసేరు అన్న నోరు అరకిలో అంది. భిన్నాలు అలాగే ఉండి పక్కన మాట మారింది. తులమైతే మాట కూడా మారలేదు. 11.66 గ్రాముల తులం పోయి 10 గ్రాముల తులం వచ్చింది, బంగారం కొట్టులో పేరు అదే. జ్వరానికి ఇలాంటి పక్కిల్లు దొరకలేదు. నూరుకు పక్కన ముప్పై ఎనిమిదిని ఏ మొహంతో కూర్చోబెడతారు?

కాబట్టి చేతిలో ఉండటం ఒక్కటే చాలదు. ఆ అంకె ఒక హద్దుగా పాతుకుని ఉండాలి. దీనికి జ్వరం కన్నా పెద్ద సాక్ష్యం మన నదులు. వాన పడేది మిల్లీమీటర్లలో, సెంటీమీటర్లలో. నేలను తాకి వాగు దాటి నదిలో కలిసిందంటే అదే నీరు అడుగుల్లోకి మారిపోతుంది. 2024 సెప్టెంబరు మొదటి రోజుల్లో విజయవాడ మునిగినప్పుడు ఒకే వార్తలో బెజవాడ మీద పడిన వాన సెంటీమీటర్లలోనూ, ప్రకాశం బ్యారేజీ దాటిన కృష్ణ 11 లక్షల క్యూసెక్కుల్లోనూ విన్నాం. క్యూసెక్కు అంటే సెకనుకు ఒక ఘనపుటడుగు. శ్రీశైలం నిండు మట్టం 885 అడుగులు, సాగర్‌ది 590. గోదావరి భద్రాచలం దగ్గర 43 అడుగులకు వస్తే మొదటి ప్రమాద హెచ్చరిక, 48కి రెండోది, 53కి మూడోది. ఆ మూడు అంకెలు ఆ ఊళ్లో చిన్నపిల్లలకూ తెలుసు. 1986లో 75.6 అడుగులొచ్చింది, 2022 జులైలో 71.3 వచ్చింది. వరద మాట వచ్చినప్పుడల్లా ముసలివాళ్లు ఈ ఏటిని ఆ ఏటితో పోల్చి కొలుస్తారు. మీటర్లలో చెబితే 1986 మాయమైపోతుంది. జ్వరం మెట్లలాగే ఇవీ పనికి కట్టేసిన మెట్లు. మొదటి హెచ్చరికకు గొడ్లను ఎగువకు తోలాలి, మూడోదానికి మనుషులు కదలాలి.

అన్నిటికన్నా గట్టిగా పాతుకున్నది టీఎంసీ. నూరుకోట్ల ఘనపుటడుగుల నీరు ఒక టీఎంసీ. 11,574 క్యూసెక్కులు ఒక పగలూ రాత్రీ పారితే ఒక టీఎంసీ అవుతుంది. కృష్ణా జలాల మీద బచావత్ ట్రిబ్యునల్ 1973లో తీర్పు ఇచ్చేనాటికి మెట్రిక్ చట్టానికి పదిహేడేళ్లు. అయినా చివరికి తేలిన పంపకం టీఎంసీల్లోనే: మహారాష్ట్రకు 560, కర్ణాటకకు 700, ఆంధ్రప్రదేశ్‌కు 800, వెరసి 2,060. రాష్ట్రం రెండయ్యాక 512, 299 అన్న అంకెల మీద ఇప్పటికీ తగవు నడుస్తోంది. ఇప్పుడు ఎవరైనా ఇంజనీరు లేచి, చట్టం ప్రకారం ఘనపు మీటర్లలో మాట్లాడుకుందాం అంటే ఏమవుతుంది? మార్పిడిలో దశాంశం ఎక్కడ తుంచాలన్న దాని మీద ఇంకో పదేళ్లు కేసు నడుస్తుంది. తగాదాలో ఉన్న పొలానికి గట్టు జరపడానికి ఎవరూ ఒప్పుకోరు కదా, కొలతా అంతే. ఇక్కడ సర్కారు బద్ధకం అనే వాదన పూర్తిగా వీగిపోతుంది. సెల్సియస్‌ను తెచ్చిందీ సర్కారే, క్యూసెక్కును పట్టుకుని వేలాడేదీ సర్కారే.

అయితే ఏమిటి, రెండు కొలబద్దలుంటే కొంప మునిగిందా అన్నది చివరి అభ్యంతరం. నదిలో మునగలేదు, వానను సెంటీమీటర్లలో విని వరదను అడుగుల్లో విన్నంత మాత్రాన మనకు నష్టమేమీ కనిపించదు. ఎండలో మాత్రం ఉంది. మనిషి ఒళ్లు 37 దగ్గర నిలబడాలి. చర్మం అంతకన్నా కొన్ని డిగ్రీలు చల్లగా ఉంటుంది. గాలి చర్మం కన్నా చల్లగా ఉన్నంతసేపు ఒంటి వేడి గాలిలోకి పోతుంది. గాలి 40కి చేరిందంటే దారి తిరగబడి, వేడి గాలి నుంచి ఒంట్లోకి వస్తుంది. ఇక మిగిలిన దారి చెమట ఒక్కటే. కోస్తాలో గాలి నిండా తేమ ఉంటే ఆ చెమటా ఆరదు, దాన్నే ఉక్కపోత అంటున్నాం. వాతావరణ శాఖ కోస్తా ఊళ్లకు వడగాడ్పు లెక్కను 37 నుంచి మొదలుపెడుతుంది, మైదానాలకు 40 నుంచి; మామూలు కన్నా నాలుగున్నర డిగ్రీలు పెరిగి ఉండాలన్న షరతు దానికి తోడు. ఒంటి లోపలి వేడి 40 దాటితే వైద్యులు వడదెబ్బ అంటారు, అంటే మన అమ్మలు భయపడే 104. గాలి వేడి వేరు, ఒంటి వేడి వేరు అన్న మాటకు జవాబు ఇదే. వేరువేరే, కానీ రెండింటి మధ్య గోడ పలచనిది, అది ఎంత పలచబడిందో తెలియాలంటే రెండింటినీ ఒకే కొలబద్ద మీద చూడాలి. మన దగ్గర ఒకటి నలభైల్లో, ఒకటి నూర్లలో ఉండిపోయి, ఒకదానికొకటి కనిపించవు. డాలస్‌లో ఉండే తెలుగువాళ్లకు ఈ సౌకర్యం అనుకోకుండా దొరికింది. అక్కడ ఎండా నూరే, జ్వరమూ నూరే. గుంటూరుకు ఫోన్ చేసి ఇక్కడ నూట అయిదు అంటే అవతల అమ్మ ముందు కంగారుపడేది జ్వరమనుకునే.

చర్మానికి ఎండ తెలియదా, అంకె కావాలా అంటే, నడివయసు మనిషికి అక్కర్లేదు. 2003 వేసవిలో ఉమ్మడి రాష్ట్రంలో వెయ్యిమందికి పైగా, 2015 మేలో రెండు రాష్ట్రాల్లో కలిపి 1,500 మందికి పైగా వడదెబ్బకు పోయారు. వాళ్లలో ముసలివాళ్లు, ఎండలో పనిచేసే కూలీలు ఎక్కువ. రెంటచింతల 46, కొత్తగూడెం 45 అని వార్తల్లో వినే అంకెలు వాళ్లకు పోటీలో మార్కుల్లా వినిపిస్తాయి. ఈరోజు బయట గాలి నూట పదమూడు, మీ ఒళ్లు తొంభై ఎనిమిది అని చెబితే అది జ్వరం భాష, ఇంట్లో అందరికీ వచ్చిన భాష. వాతావరణ శాఖను మళ్లీ ఫారన్‌హీట్‌కు వెళ్లమనడం లేదు. వడగాడ్పు హెచ్చరికలో సెల్సియస్ పక్కన ఆ రెండో అంకె కూడా వేస్తే ఖర్చు ఒక్క గీత మాత్రమే. అంకె పాతుకుపోవడానికి ఏదో ఒకటి ముడిపడాలన్నాను. ఎండ అంకెకు ఇప్పుడు ప్రాణాలు ముడిపడుతున్నాయి.

హద్దులు పాతుకుపోయే తీరుకు పోలవరం కన్నా తాజా ఉదాహరణ లేదు. డిజైన్లన్నీ మెట్రిక్‌లో గీసిన ప్రాజెక్టు అది. దాని నిండు నీటిమట్టం 45.72 మీటర్లు. అంత చిల్లర అంకెను ఏ ఇంజనీరూ కావాలని పెట్టడు. 1980లో గోదావరి ట్రిబ్యునల్ తీర్పులో ఉన్నది 150 అడుగులు. ఒప్పందాన్ని ముట్టుకోకుండా దాని పక్కనే మీటర్లు రాశారు. మొదటి దశలో నీళ్లు నిలిపే మట్టం 41.15. ముంపు మండలాల్లో ఇప్పుడు జనం భూమిని సర్వే నంబరుతో కన్నా ఈ అంకెతో ఎక్కువగా గుర్తుపడుతున్నారు. పునరావాసం ఎవరికి ముందు, ఎవరికి తర్వాత అన్నది ఆ గీతను బట్టే. కూనవరంలోనో వేలేరుపాడులోనో తన ఇల్లు 41.15 కాంటూరుకు లోపలా బయటా అని కాగితాలు పట్టుకుని అడిగే మనిషికి ఆ రెండో దశాంశం దాకా ఉన్న లెక్క ఎంతో సూక్ష్మంగా కొలిచి తేల్చినదిలా కనిపిస్తుంది. 0.3048తో భాగించి చూస్తే అది 135 అడుగులు, చిల్లర లేకుండా.